బిలాస్‌పూర్ – ఒక శ్రవణ యాత్ర

విశాఖపట్నం నుండి కోర్బా వెళ్ళే ఎక్స్‌ప్రెస్ విజయనగరం వద్ద కోస్తా మార్గాన్ని విడిచి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్‌ల మీదుగా బిలాస్‌పూర్ చేరుకొంటుంది. కొండలు, సొరంగాలు వెనుకబడిన తరువాత, కనుచూపు మేర వరిచేలు పరచుకొన్న ఛత్తీస్‌గఢ్ మైదానం ఎదురవుతుంది. అర్పా నది ఒడ్డున ఉన్న ఈ నగరానికి ప్రాముఖ్యాన్ని తెచ్చినది రైలే. ఇక్కడి ప్లాట్‌ఫారం పొడవు 802 మీటర్లు. దేశంలోని పొడవైన ప్లాట్‌ఫారాలలో ఇది ఒకటి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఆవిర్భవించినప్పటి నుండి ఆ జోన్ ప్రధాన కార్యాలయం ఇక్కడనే ఉన్నది.

ఇంత దూరాన తెలుగువారు స్థిరపడటానికి కారణం కూడా రైలే. 1887లో ఏర్పడిన బెంగాల్–నాగపూర్ రైల్వే కంపెనీ 1891 నాటికి నాగపూర్ నుండి ఆసన్‌సోల్ వరకు మార్గం వేసింది. 1902లో కటక్–వాల్తేరు మార్గం కూడా ఆ కంపెనీ చేతికి వచ్చింది. ఆ విధంగా వాల్తేరు, బిలాస్‌పూర్ ఒకే యాజమాన్యం క్రిందికి చేరాయి. 1931లో విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తి కావడంతో ప్రయాణం మరింత సుగమమైంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి ఉద్యోగాలకు వచ్చినవారి మనుమలు, మునిమనుమలు నేడు ఈ రైల్వే కాలనీలలో ఉన్నారు.

బిలాస్‌పూర్‌ను కంటితో కంటె చెవితో తెలుసుకోవడం తేలిక. కోర్బా గనుల బొగ్గు మోసే గూడ్సు బండ్లు రాత్రింబవళ్ళు ఈ మార్గాలలో నడుస్తూనే ఉంటాయి. 2022 ఆగస్టు 15న ఈ జోన్ వారు ‘సూపర్ వాసుకి’ పేరుతో 295 వ్యాగన్లు గల, సుమారు మూడున్నర కిలోమీటర్ల పొడవైన బండిని నడిపారు. పట్టాల ప్రక్కన నివసించేవారికి ఆ మంద్రధ్వని ఊపిరివలె అలవాటై, వినపడుతున్నదన్న స్పృహ కూడా ఉండదు. అయితే ఆ ధ్వనికి మునిగిపోయేవి కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి తెలుగు.

ఇక్కడి పిల్లలు హిందీలోనో, ఇంగ్లీషులోనో చదువుకొంటారు. తెలుగు లిపి చాలామందికి రాదు. వారికి మాతృభాష కంటి ద్వారా కాక చెవి ద్వారానే అందాలి. ఛత్తీస్‌గఢీలో గాని, బడిలో నేర్చే హిందీలో గాని ‘ళ’కారం లేదు. ఇంట విన్నప్పుడే అది నాలుకకు పట్టుబడుతుంది. ఇంట వినిపించే పాట, కథ, పెద్దల గొంతు స్పష్టంగా ఉండటం అక్కడ విలాసం కాదు, అవసరం.

మేము బస చేసిన ఇంటి పెద్ద పదవీ విరమణ చేసిన గార్డు. ఆయన తన తల్లి చెప్పిన ఊరి కబుర్లను ఏనాడో క్యాసెట్లలో పదిలపరచుకొన్నారు. డెక్కు, యాంప్లిఫయరు, రెండు పెద్ద స్పీకర్లు, పది మీటల ఈక్వలైజరు ముందుగదిలో కొలువుతీరి ఉన్నాయి. క్యాసెట్టు నడుస్తూండగా ఎనిమిదేళ్ళ మనుమరాలు, “తాతా, వాళ్ళింట్లో వేల దీపాలు ఉండేవా?” అని అడిగింది. ముసలమ్మ అన్నది “దీపాలు పెట్టే వేళ” అని. నిరుపేద ఇంటి ఒంటి దీపం పిల్ల చెవిలో వేల దీపాలైంది. అందరూ నవ్వారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు.

“మా అమ్మ మాట దీనికి అర్థం కాకపోతే ఈ క్యాసెట్లు ఎవరి కోసం, బాబూ?” అన్నారు.

ఈ చిక్కు విడదీయాలంటే ఈక్వలైజరు పని ఏమిటో తెలియాలి. దూరపు టెలిఫోను తీగలలో తారస్థాయి ధ్వనులు ఎక్కువగా క్షీణిస్తాయి. ఆ లోటును పూరించి, పంపిన ధ్వనికి సమానం చేసే సాధనానికి వచ్చిన పేరు ఈక్వలైజరు. అంటే దాని అసలు ధర్మం సవరణ, అలంకారం కాదు. పది మీటల గ్రాఫిక్ ఈక్వలైజరులో ఒక్కొక్క మీట ఒక్కొక్క స్థాయిని ఏలుతుంది. 31, 63, 125, 250, 500, 1000, 2000, 4000, 8000, 16000 హెర్ట్జ్‌లుగా ప్రతి మెట్టూ ముందు మెట్టుకు రెట్టింపు. మీటను సాధారణంగా 12 డెసిబెల్‌ల వరకు ఎత్తవచ్చు, దించవచ్చు.

చాలా ఇళ్ళలో వలెనే అక్కడ కూడా రెండు చివరల మీటలు పైకి, నడిమివి క్రిందికి ఉన్నాయి. ఈ అమరికలో సినిమా పాటలోని డప్పు గుండెకు తగులుతుంది, తాళాలు మెరుస్తాయి. కాని మనిషి మాట స్పష్టత ముఖ్యంగా 1000 నుండి 4000 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. ‘ల’, ‘ళ’ల వంటి అక్షరాల భేదం 2000, 3000 ప్రాంతంలో తేలుతుంది. ఆ నడిమి మీటలను దించడమంటే మాటను దించడమే.

రెండవ కారణం గది. దాని పొడవు సుమారు మూడున్నర మీటర్లు. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 344 మీటర్లు. దానిని గది పొడవుకు రెట్టింపైన ఏడుతో భాగిస్తే 49 హెర్ట్జ్‌లు. ఆ స్థాయిలోనూ, దానికి రెట్టింపైన 98 ప్రాంతంలోనూ గది తనంతట తాను మ్రోగుతుంది. స్పీకర్లను మూలలలో ఉంచితే ఆ మ్రోత ఇంకా పెరిగి మాటను కప్పివేస్తుంది.

అందుచేత మొదట ఈక్వలైజరు జోలికి పోలేదు. స్పీకర్లను మూలల నుండి రెండడుగులు ముందుకు జరిపి, ఎదుటి గోడకు మందపాటి తెర వేశాము. తరువాత మీటలన్నీ సున్నాకు తెచ్చి, రోజూ కూర్చునే చోటనే కూర్చుని విన్నాము. 125 మీటను 4 డెసిబెల్‌లు, 250ని 2 డెసిబెల్‌లు దించాము. 2000 మీటను మాత్రం 3 ఎత్తాము. దించడం ముందు, ఎత్తడం తరువాత. 3 డెసిబెల్‌లు ఎత్తితే ఆ స్థాయిలో యాంప్లిఫయరు రెట్టింపు శక్తిని, 10 ఎత్తితే పదిరెట్ల శక్తిని ఇవ్వవలసి వస్తుంది. చిన్న యాంప్లిఫయరు అంత భారం మోయలేక ధ్వనిని చీల్చుతుంది. చిన్న స్పీకర్లు కాలిపోయే ప్రమాదం కూడా ఉన్నది.

క్యాసెట్టు మళ్ళీ పెట్టారు. పిల్ల ఒకటికి రెండుసార్లు విని, నాలుక మడిచి, “వేళ” అన్నది. పెద్దాయన క్యాసెట్టు ఆపి ఆ మాటను మరొకసారి అనిపించుకొన్నారు.

కొత్తగా కొనదలచినవారికి నాలుగు మాటలు. ఇంటికి పది మీటలు చాలు. ముప్పైయొక్క మీటలవి సభాభవనాలకు ఉద్దేశించినవి. సాధనాన్ని ప్రక్కకు తప్పించి అసలు ధ్వనిని వినిపించే బైపాస్ మీట తప్పక ఉండాలి. మార్పు మేలో కీడో తేల్చేది అదే. పోల్చేటప్పుడు రెండింటినీ ఒకే బిగ్గరలో వినాలి, ఏలనంటే బిగ్గరైనది చెవికి ఎప్పుడూ మెరుగుగానే తోస్తుంది. కుడి, ఎడమలకు వేరువేరు మీటలుంటే మంచిది. పాత సరుకు కొనేటప్పుడు ప్రతి మీటనూ జరిపి చూడాలి. గరగర వినిపిస్తే దుమ్ము చేరిందని అర్థం. పాట లేకుండా వాల్యూము పెంచి, ‘స్’మనే రొద ఎంత ఉన్నదో వినాలి. ఫోనులలోని ఈక్వలైజర్లకూ సర్దుబాటు సూత్రాలు ఇవే.

దానికి చేతకాని పనులూ ఉన్నాయి. గది ప్రతిధ్వనిని అది తుడవలేదు. టేపు రొదను అణచడానికి 8000, 16000 మీటలను బాగా దించితే ‘స’, ‘శ’లు కూడా మొద్దుబారుతాయి. కిటికీ ఆవల పోయే బొగ్గు బండిని అది ఆపలేదు. బండి పోయేవరకు ఆగి, మళ్ళీ వినడమే అక్కడివారి పద్ధతి.

మన టౌన్‌షిప్పులలోనూ దూరప్రాంతాల నుండి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తెలుగువారే కాదు, ఒడియా, బెంగాలీ, హిందీ మాట్లాడేవారి ఇళ్ళలోనూ అటకల మీద పెద్దల గొంతులు దాగి ఉండవచ్చు. టేపు కాలక్రమాన క్షీణిస్తుంది కనుక ముందుగా వాటిని కంప్యూటరులోనికి ఎక్కించుకోవాలి. ఆ ప్రతిని ఏ సవరణా లేకుండా భద్రపరచి, వినేటప్పుడు మాత్రమే మీటలు జరుపుకోవాలి. ఈనాటి గదికి సరిపడిన అమరిక రేపటి ఇంటికి సరిపడకపోవచ్చు. అసలు గొంతు చెక్కుచెదరక ఉంటే, ఏ ఇంటిలోనైనా దానిని మళ్ళీ సరిచేసి పిల్లలకు వినిపించవచ్చు.