మిద్దె మీద చౌడు

కడప జిల్లాలోని మా వేంపల్లెలో నా చిన్నప్పుడు ఒక ఇంటి గురించి చెప్పాలంటే గోడల మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు, పైకప్పు మాటే చెప్పేవాళ్ళు. వాళ్ళది మట్టి మిద్దె, వీళ్ళది బండల మిద్దె, వంక పక్కనోళ్ళది బోదకొట్టం. గోడలు అందరివీ ఒకటే, రాయీ మన్నూ. పక్కపక్క ఇళ్ళకు నడిమి గోడ కూడా ఒకటే కావడంతో, వీధి ఈ కొసన నిచ్చెన ఎక్కిన పిల్లోడు నేల మీద కాలు పెట్టకుండా ఆ కొసకు పోయేవాడు. దారిలో ఒకరి మిద్దె మీద శెనిక్కాయలు, ఇంకొకరి మిద్దె మీద మిరప్పళ్ళు, ఆ పక్కన పాతచీర మీద ఎండబెట్టిన వడియాలు, వాటికి కాపలాగా కట్టె పట్టుకుని కూర్చున్న ఒక ముసలమ్మ. ఆమెను దాటుకొని పోవాలంటే ఎవరి పిల్లోనివో, ఏం పని మీద పోతాండావో చెప్పుకోవాల్సిందే.

మా పాత మిద్దె మా అబ్బ వాళ్ళ నాయన కట్టించింది. రెండడుగుల మందం గోడల మీద వేప దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద చీల్చిన కట్టెలు దగ్గరదగ్గరగా పేర్చి, ఆ పైన చెదలు పట్టకుండా వేపాకు, కానుగాకు పరిచి, దాని మీద బోద, బోద మీద గడ్డి కలిపి తొక్కిన మన్ను, అన్నిటికీ పైన చౌడు. పడుకుని పైకి చూస్తే పొగచూరి నల్లగా నిగనిగలాడే దంతెలు, వాటి సందుల్లో పిచ్చుకలు దాచుకున్న గడ్డిపోచలు, వంటింటి నడుమ గవాచిలోంచి దిగే నలుచదరపు ఎండ. ఆ ఎండ రోలు దాటి గాదె దాకా పోయిందంటే సంగటికి ఎసరు పెట్టే పొద్దని మా జేజికి తెలుసు. గడియారం ఇంట్లోకి వచ్చిన తర్వాత కూడా ఆమె గవాచినే నమ్మింది.

రోహిణి కార్తెలో, ముంగారు వానలకు ముందు, ఊరంతా చౌడు తోలుకునేది. వంక ఒడ్డున, ఏ పైరూ రాని చోట, నేల మీద తెల్లగా పొర తేలి ఉంటాది, అదీ చౌడు. బట్టలు ఉతికేవాళ్ళు కూడా ఆ మన్ను కోసమే వచ్చేవాళ్ళు. మా అబ్బ బండి ఆపి, చిటికెడు మన్ను నాలిక మీద వేసుకుని, ఉమ్మేసి, "ఈడ కాదు, ఇంకొంచెం ముందుకు పదండి" అనేవాడు. మంచి చౌడు ఉప్పగా, కొంచెం జారుగా ఉండాలంట. ఉప్పు పాలు ఎక్కువున్న ఆ మన్ను తడిసీ తడవంగానే మెత్తగా విడిపోయి సందులన్నీ పూడుస్తుందనీ, అందుకే నీళ్ళు లోపలికి దిగకుండా పైనుంచే జారి దోనెల్లోకి పోతాయనీ, ఆ ఉప్పుకే గడ్డి కూడా మొలవదనీ నేను చాలా ఏళ్ళకు పుస్తకాల్లో చదువుకున్నాను. గంపలతో మిద్దె మీదికి ఎత్తి, పలచగా చల్లి, దోనెల వైపు వాటం చూసి సర్ది, కొంచెం తడిపి, దిమ్మిసతో మెల్లగా కొట్టేవాళ్ళు. తొక్కే పని మా పిల్లలది. తడి చౌడు వాసన, కాలివేళ్ళ సందుల్లో దాని చల్లదనం, కింద వంటింట్లో ఆ దిమ్మిస దెబ్బలకు రాలే మట్టికి మా అమ్మ కేకలు.

ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది, అదీ సక్రమంగా పడిన ఏడు. అందుకే మన్నుతో కప్పుకున్నా చెల్లిపోయింది. చిక్కంతా తుపాను ముసురుతోనే వచ్చేది. రాత్రంతా సన్నగా పట్టుకుంటే చౌడు తాగినంత తాగి ఇక పట్టలేకపోయేది. "గాదె మీద ఉరుచ్చాంది, దేవుని గూటి పక్కన ఉరుచ్చాంది" అని జేజి చీకట్లోనే చెప్పేది. అబ్బ గోనెసంచి నెత్తికి వేసుకుని, పొడి చౌడు గంప చంకన పెట్టుకుని నిచ్చెనెక్కేవాడు. ఉరిసే చోట మన్ను వేసి మడమతో అదిమి, గవాచి మీది మూకుడు ఎత్తి "నిలిచిందా?" అని అడిగేవాడు. "ఇంకొంచెం తూర్పుకు" అని జేజి. ఆ వానలో ఊరందరి మిద్దెల మీదా గోనెసంచులు కదలాడేవి, ఒకరినొకరు పలకరించుకునేవి.

మా నాయన కడప రోడ్డు దిక్కు స్థలం కొని కొత్తిల్లు మొదలుపెట్టినప్పుడు గోడలు లేచేదాకా ఏ తకరారూ లేదు. ఆ తర్వాత ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో కప్పు. మా మామ రేకులన్నాడు, వారంలో పని అయిపోతాదని. అప్పట్లో పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె గనుల్లో రాతినార తీసేవాళ్ళు. ఆ నార పుట్టిన సున్నపురాతికి భూగర్భ శాస్త్రంలో మా ఊరి పేరే ఉంది, వేంపల్లె శిలలని. నారను సిమెంటులో కలిపితేనే ఆ రేకులు. "మన రాయే కదా బావా, మన నెత్తి మీద ఉంటే తప్పేంది" అనేవాడు మామ. ఆ నార దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ముప్పై నలభై ఏళ్ళ తర్వాత కూడా క్యాన్సరై బయటపడుతుందని మాకు ఎవరూ చెప్పలేదు. 1986లో కేంద్రం రాతినారకు కొత్త గని లీజులు ఆపేసింది, రేకులు మాత్రం దిగుమతి నారతో వస్తూనే ఉన్నాయి. రేకుల కొట్టాల కింద బడి చదువుకున్న పిల్లలు, ఆ గనుల్లో పని చేసిన చేతులు ఇప్పటికీ నా కళ్ళల్లో ఉన్నాయి. ఆ పూట మామ మాట నెగ్గనందుకు నాకిప్పటికీ సంతోషమే.

అబ్బకు బండల మీద మనసు. నాయన ఆయనను ఎర్రగుంట్ల దిక్కు తీసుకుపోయినప్పుడు నేనూ వెంటపడ్డాను. పొరలు పొరలుగా లేచే నల్ల నాపరాయి, ఉలి పెట్టి వరసగా కొడుతూ పోతే నిలువునా విడిపోయే బండలు, వేలితో తట్టి చెవి ఆనించి చూసే అబ్బ. గంట మోగినట్టు మోగితే మంచిది, మొద్దుగా పలికితే లోపల చీలిక ఉన్నట్టు. కొంచెం దూరంలో అదే సున్నపురాయిని పొడి చేసి కాల్చి సిమెంటు చేసే ఫ్యాక్టరీల గొట్టాలు కనపడుతాండె. నాయన ఆ గొట్టాల వైపు చూస్తున్నాడు, అబ్బ బండల వైపు. దారి పొడుగునా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

చివరికి నాయన కోరిన సిమెంటు స్లాబే ఖాయమైంది. పోసిన రోజు పొద్దున్నుంచి మొబ్బయ్యేదాకా బాండ్లీలు చేతులు మారుతూ పైకి పోయాయి, అందరికీ అన్నాలు అక్కడే. మరునాడు స్లాబు మీద మట్టితో గట్లు కట్టి నీళ్ళు నిలిపారు. బోరింగు కాడ నుంచి బిందెలతో మోసి పోసే పని మాది, తాగే నీళ్ళకే కరువైన ఎండాకాలంలో. కాకులు వచ్చి అందులో మునకలేసేవి.

ఆ ఇంట్లో వాన భయం పోయింది. కానీ పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రి మా మీదికి సెగ వదిలేది. మట్టి మిద్దె అడుగు మందం మన్ను దాటి ఆ ఎండ లోపలికి దిగేసరికి రాత్రయ్యేది, ఆ వేళకు మేమంతా పైన నులక మంచాల మీద ఉండేవాళ్ళం. కొత్తింటికి మెట్లు తర్వాత కట్టుకుందామనుకున్నారు, కట్టలేదు. ఫ్యాను వచ్చింది.

పాత మిద్దెలో జేజి ఒక్కతే ఉండిపోయింది. అబ్బ పోయిన తర్వాత రెండు మూడేళ్ళు కూలి మనుషులతో చౌడు వేయించింది, ఆ తర్వాత వేసేవాళ్ళు దొరకలేదు. పాత చౌడు ఉప్పంతా వానలకు కొట్టుకుపోయి గడ్డి లేచింది, గడ్డి వేళ్ళ వెంట నీళ్ళు దిగాయి. జేజి పోయినాక మిద్దె విప్పారు. దంతెలు సగం పుచ్చిపోయాయి గానీ వేప దూలాలు చెక్కు చెదరలేదు. కొనుక్కున్నాయన వాటితో తలుపులు చేయించుకున్నాడంట. చౌడు తవ్వుకున్న వంక ఒడ్డున ఇప్పుడు హద్దురాళ్ళు నాటిన ప్లాట్లున్నాయి.

నాయన స్లాబు ఈమధ్య పెచ్చులూడుతోంది, తుప్పుపట్టిన చువ్వ ఉబ్బి సిమెంటును తోసేస్తుంది. ఇప్పుడు మా మేనల్లుడు పులివెందుల రోడ్డులో ఇల్లు కడుతూ కప్పు గురించి నన్ను అడిగాడు. రేకులు వద్దన్నాను. స్లాబు కింద చువ్వకు 20 మిల్లీమీటర్ల కవరు వదిలారో లేదో కాంక్రీటు పోసేముందే చూసుకోమన్నాను, ఇప్పటి సిమెంటుకు పది రోజులు తగ్గకుండా నీళ్ళు పట్టమన్నాను, వాటం సరిగా పెట్టి పైన తెల్ల సున్నం కొట్టిస్తే సెగ తగ్గుతాదన్నాను. అన్నిటికీ సరేనన్నాడు. ప్లానులో మాత్రం మెట్లు లేవు, "ట్యాంకు కాడికి ఇనుప నిచ్చెన చాలు మామా, ఎవరు ఎక్కుతారు?" అన్నాడు. నేను వదల్లేదు. చివరికి వసారా మూడడుగులు తగ్గించి మెట్లకు చోటిచ్చాడు. పిట్టగోడ ఎత్తు ఇంకా తేలలేదు. మంచాలేసుకుంటే పిల్లలు దొర్లకుండా మూడున్నర అడుగులైనా ఉండాలని నేను, రెండు చాలని వాడు. ఆదివారం మేస్త్రి వస్తాడు, నేనూ పోతాండా.