పంచగంగ ఒడ్డున పోలిష్ ఊరు

తిరుపతి నుంచి కొల్హాపూర్ వెళ్లే హరిప్రియ ఎక్స్‌ప్రెస్‌లో మహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి పోయే మనవాళ్లు చాలామంది ఉంటారు. మిరజ్ దాటగానే సామాన్లు సర్దుకోవడం మొదలవుతుంది. ఆ హడావుడిలో, కొల్హాపూర్ ఇంకాసేపట్లో వస్తుందనగా, వళివడె అనే చిన్న స్టేషన్ కిటికీ పక్కనుంచి వెళ్లిపోతుంది. 1943 నుంచి 1948 దాకా ఆ స్టేషన్ పక్కన సుమారు ఐదు వేల మంది పోలండ్ దేశస్థులు కాపురం ఉన్నారు. అత్యధికులు ఆడవాళ్లు, పిల్లలు. బడులు, చర్చి, ఆస్పత్రి, నాటకాలు, స్కౌట్ దళాలు, అన్నీ పోలిష్ భాషలోనే నడిచిన ఊరది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన దేశంలో వెలసిన పోలిష్ శిబిరాల్లో అదే పెద్దది.

దర్శనం అయిన మర్నాడు పొద్దున్నే మహావీర్ గార్డెన్‌కు వెళ్లాను. అక్కడ ఆ శరణార్థుల గుర్తుగా 1998లో ఆవిష్కరించిన స్మారకం ఉంది. దాని ముందు ఒకావిడ నిలబడి ఉన్నారు. అరవై దాటి ఉంటాయి. నూలు కమీజు, కాళ్లకు కాన్వాసు బూట్లు, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో మడతలు పడిన కాగితం. పలకరించాను. ఇంగ్లండ్‌లో, లెస్టర్ పట్నంలో పుట్టి పెరిగారట. ఇరుగుపొరుగు గుజరాతీలు కావడంతో మన తిండీ మన పండగలూ ఆవిడకు కొత్త కాదు. వాళ్లమ్మ చిన్నతనం వళివడెలో గడిచింది. ఆ తల్లి పోయాక, ఆమె చేత్తో గీసుకున్న శిబిరం పటం బీరువాలో దొరికింది. కవర్లో ఉన్నది అదే. వళివడెకు కలిసి వెళ్దామా అని అడిగితే, ఆవిడ ముందు బెంచీ మీద కూర్చుని ఇంటి కథ చెప్పారు.

1939 సెప్టెంబరు 1న జర్మనీ పడమటి నుంచి, 17న సోవియట్ సేనలు తూర్పు నుంచి పోలండ్ మీద పడ్డాయి. ఆవిడ తాతగారిది ల్వూవ్ దగ్గరి పల్లె. ఇప్పుడది ఉక్రెయిన్‌లో ఉంది. ఆయన రిజర్వు సైనికాధికారి. సోవియట్ సేనకు చిక్కి స్టారోబెల్స్క్ శిబిరంలో ఖైదీ అయ్యారు. 1940 మొదట్లో అక్కడి నుంచి ఇంటికి ఒక పోస్టుకార్డు వచ్చింది. ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున తలుపు తట్టి, అమ్మమ్మనూ ఆరేళ్ల కూతురినీ గూడ్సు పెట్టెలో ఎక్కించి కజకస్తాన్‌కు పంపేశారు. అలాంటి ఖైదీల కుటుంబాలను జాబితాలు రాసుకుని మరీ ఏరి తరలించిన నెల అది. ఆ వసంతంలోనే దాదాపు 22,000 మంది పోలిష్ అధికారులను, పోలీసులను, చదువుకున్నవాళ్లను స్టాలిన్ ప్రభుత్వం కాల్చి చంపింది. స్టారోబెల్స్క్ వాళ్లను ఖార్కివ్‌లో చంపారు. ఆ సంగతి అమ్మమ్మకు తెలియదు.

1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ యూనియన్ మీద దాడి చేశాక లెక్కలు మారాయి. లండన్‌లో ఉన్న పోలిష్ ప్రవాస ప్రభుత్వంతో స్టాలిన్ జులైలో ఒప్పందం చేసుకున్నాడు. ఖైదులో ఉన్న పోలిష్ వాళ్లను వదిలారు. జనరల్ ఆండర్స్ నాయకత్వంలో సైన్యం తయారైంది. ఎక్కడెక్కడి నుంచో ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని, టైఫస్ జ్వరాలతో, ఆ సైన్యం ఉన్న దక్షిణానికి చేరారు. 1942లో క్రాస్నోవోద్స్క్ రేవు నుంచి కాస్పియన్ సముద్రం మీదుగా లక్షమందికి పైగా ఇరాన్‌లోని పహ్లవీ రేవులో దిగారు. తీరాన వాళ్ల బట్టలు కాల్చేశారు, తలలు గొరిగారు. సైనికులు ఇరాక్, పాలస్తీనా మీదుగా యుద్ధానికి పోయారు. మిగిలినవాళ్లు తూర్పు ఆఫ్రికాకు, మెక్సికోకు, న్యూజిలాండ్‌కు, మన దేశానికి చెదిరిపోయారు.

జామ్‌నగర్ దగ్గర బాలాచడిలో పోలిష్ అనాథ పిల్లలను సాకిన జామ్ సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ కథ ఇప్పుడు చాలామందికి తెలుసు. వార్సాలో ఆయన పేరిట ఒక కూడలి ఉంది, బడి ఉంది. ఆయన చేసింది గొప్ప పని. అయినా వళివడె కథ అంతగా ప్రచారం కాకపోవడానికి కారణం ఒకటే అనుకుంటాను. ఇందులో మహారాజు ముందు వరసలో లేడు. ఉన్నది తల్లులు, టీచర్లు. నాకు వీళ్ల కథే ఎక్కువ దగ్గరగా అనిపించింది.

1943 నడివేసవి తర్వాత జనం రావడం మొదలైంది. బారులు బారులుగా కట్టిన బ్యారక్‌లు, పైన పెంకులు, వెదురు తడికెల గోడలు, ముందు వసారా. ఒక్కో బ్యారక్‌ను తడికెలతో భాగాలు చేసి ఒక్కో కుటుంబానికి గదులిచ్చారు. కిటికీలకు అద్దాలు లేవు. పాములు, తేళ్లు. వానాకాలంలో జల్లు లోపలికే. సైబీరియా మంచు చూసి వచ్చిన వాళ్లకు అదంతా ఒక లెక్కలోది కాదని వాళ్లమ్మ అనేదట. రొట్టె కోసం రాత్రి నిద్ర లేవనక్కర్లేని చోటు అది. కొద్ది నెలల్లోనే బడులు నిలిచాయి. ప్రాథమిక పాఠశాలలు, హైస్కూలు, వృత్తి విద్య, అన్నీ. పశ్చిమాసియాలోని పోలిష్ సైన్యం జెరూసలెంలో పోలిష్ పాఠ్యపుస్తకాలు అచ్చువేయించింది. సొంత ఊళ్లు పోగొట్టుకున్న సైన్యం పిల్లల వ్యాకరణం గురించి ఆలోచించిందంటే నాకు ఆశ్చర్యం ఆగలేదు. బొంబాయి నుంచి పోలిష్ పత్రిక వచ్చేది. కూరగాయలూ గుడ్లూ తెచ్చే చుట్టుపక్కల పల్లెలవాళ్లు బేరానికి సరిపడా పోలిష్ నేర్చేసుకున్నారు. పిల్లలు పంచగంగలో ఈత కొట్టేవాళ్లు. ఉమాదేవి అని పేరు మార్చుకుని, దివ్యజ్ఞాన సమాజం దారిలో 1930లలోనే ఇక్కడికి వచ్చి స్థిరపడిన పోలిష్ రచయిత్రి వాండా దినోవ్‌స్కా, ఈ పిల్లలకు భారతదేశం గురించి చెప్పేది.

పెద్దవాళ్ల మాటలన్నీ వసారాల్లో సాగేవి. ఆవిడ చెబుతుంటే ఆ వసారా నాకు కళ్లకు కట్టింది. శిబిరం మొదలవడానికి కొద్ది నెలల ముందే, 1943 ఏప్రిల్‌లో, కాటిన్ అడవిలో పోలిష్ అధికారుల శవాలు బయటపడ్డాయని బెర్లిన్ రేడియో ప్రకటించింది. జర్మన్ల మాట నమ్మాలా వద్దా అని వాదనలు. అమ్మమ్మ పట్టుకున్న ఆధారం వేరు. కాటిన్‌లో దొరికినవాళ్లు కొజెల్స్క్ శిబిరం ఖైదీలు. తన భర్త ఉత్తరం రాసింది స్టారోబెల్స్క్ నుంచి. కాబట్టి ఆయన ఇంకెక్కడో ఉన్నాడు. ఆ ఒక్క ఊరి పేరు మీద ఆమె తన బతుకంతా నిలబెట్టుకుంది. పోలిష్ ఇళ్లలో క్రిస్మస్ ముందురోజు రాత్రి భోజనాల బల్ల దగ్గర, అనుకోకుండా వచ్చే అతిథి కోసం ఒక పళ్లెం ఖాళీగా పెడతారు. వళివడెలో ఆ పళ్లెం ముందు ఎవరు కూర్చుంటారో పిల్లలందరికీ తెలుసు. ఒకరికి నాన్న, ఒకరికి అన్న.

1944 మే 18న ఇటలీలో మాంటే కాసినో కొండ మీద పోలిష్ జెండా ఎగిరింది. అక్కడ పోరాడినవాళ్లలో ఈ వసారాల్లోని ఆడవాళ్ల భర్తలు, కొడుకులు ఉన్నారు. జెండా కబురుతో పాటు చావు కబుర్లూ వచ్చాయి. ఆగస్టు 1న వార్సా తిరగబడింది. 63 రోజులు పోరాడి లొంగిపోయింది. ఆ తర్వాత జర్మన్లు ఇల్లిల్లూ కూల్చారు. 1945 ఫిబ్రవరిలో యాల్టాలో చర్చిల్, రూజ్‌వెల్ట్, స్టాలిన్ కూర్చుని తూర్పు పోలండ్‌ను సోవియట్ యూనియన్‌కు ఖాయం చేశారు. జులైలో బ్రిటన్, అమెరికా లండన్‌లోని పోలిష్ ప్రభుత్వాన్ని గుర్తించడం మానేశాయి. కాసినోలో చచ్చిపోయిన కుర్రాడి ఊరు ఇప్పుడు అతని దేశంలోనే లేదు. యుద్ధంలో గెలిచిన పక్షాన నిలబడి ఇల్లు పోగొట్టుకోవడం అంటే ఇదే. ఈ అన్యాయాన్ని యుద్ధం మీద మనం చదువుకున్న పాఠాల్లో ఒక్క వాక్యంగానైనా చూసిన గుర్తు నాకు లేదు.

"మరి బడిలో ఏం చేశారు?" అని అడిగాను.

"భూగోళం టీచరు పటం మార్చలేదు. ల్వూవ్ మన పట్నమే అని చెబుతూ పోయింది. అమ్మ పరీక్షలో అలాగే రాసింది" అన్నారావిడ.

1947లో బ్రిటన్ పార్లమెంటు పోలిష్ సైనికుల పునరావాసానికి చట్టం చేసింది. సైన్యంలో తమవాళ్లు ఉన్న కుటుంబాలు చాలా వరకు ఇంగ్లండ్ వెళ్లాయి. కొందరు పోలండ్‌కు తిరిగిపోయారు. కొందరు ఆస్ట్రేలియా, కెనడా, అమెరికా. కొద్దిమంది అమ్మాయిలు ఇక్కడివాళ్లను పెళ్లాడి ఇక్కడే ఉండిపోయారు. వ్యాధులతో పోయినవాళ్ల సమాధులు కొల్హాపూర్ క్రైస్తవ శ్మశానంలో ఉన్నాయి. ఆవిడ అమ్మమ్మా అమ్మా లెస్టర్ దగ్గర, సైన్యం ఖాళీ చేసిన రేకుల గుడిసెల్లో మళ్లీ శిబిరం జీవితం మొదలుపెట్టారు. అమ్మమ్మ 1980లలో పోయింది. కాటిన్, ఖార్కివ్ హత్యలు తామే చేశామని మాస్కో ఒప్పుకున్నది 1990లో.

శనివారం బడిలో పోలిష్ నేర్చుకున్నానని ఆవిడ చెప్పారు. 2004లో పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరాక లెస్టర్‌కు కొత్తగా వచ్చిన పోలిష్ కుర్రాళ్లు ఆవిడ యాస విని, పాత సినిమాల్లో ముసలమ్మలు ఇలా మాట్లాడతారని అన్నారట. ఆవిడకు అది బాధ కలిగించలేదు. ఆ యాస మాట్లాడిన ఊళ్లు ఇప్పుడు పోలండ్‌లో లేవు, ఆ యాస ముందు వళివడెలో, తర్వాత లెస్టర్‌లో మిగిలింది అన్నారు. అమెరికాలో వారాంతం తెలుగు బడులకు పిల్లల్ని దింపే మనవాళ్లు గుర్తొచ్చారు. వాళ్లకు సెలవుల్లో తీసుకెళ్లి చూపడానికి గుంటూరో వరంగల్లో ఉంది. ఆ ఒక్క తేడా ఎంత పెద్దదో ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు అర్థమైంది.

ఆటో కట్టుకుని వళివడె వెళ్లాం. శిబిరం ఉన్న చోటు ఇప్పుడు గాంధీనగర్. పెద్ద టోకు బట్టల మార్కెట్. పోలిష్ వాళ్లు ఖాళీ చేసిన బ్యారక్‌లలోకి, దేశ విభజనలో సింధ్ వదిలి రావలసి వచ్చిన సింధీ కుటుంబాలను తెచ్చి పెట్టారు. వాళ్లు కట్టుకున్న బజారిది. చీరల బేళ్లు మోసే హమాలీలు, అడ్డదిడ్డంగా నిలిపిన స్కూటర్లు, ఒకదాని మీద ఒకటి వేలాడే బోర్డులు. ఆవిడ పటం తీసి విప్పారు. పెన్సిలు గీతలు, చర్చి దగ్గర శిలువ, బడి దగ్గర గంట బొమ్మ, నది వైపు బాణం. ఏదీ కలవడం లేదు. చివరికి రైలు పట్టాల గీతను అసలు పట్టాలకు సమాంతరంగా వచ్చేదాకా కాగితాన్ని తిప్పారు. అప్పుడు తల్లి గది ఏ వరసలో ఉండేదో తేలింది. అక్కడిప్పుడు నైటీలు, లంగాలు అమ్మే దుకాణం ఉంది.

దుకాణం పెద్దాయనకు డెబ్బై పైమాటే. మేం అడగబోయేది ముందే తెలిసినట్టు "పోలిష్?" అన్నాడు. తండ్రిది సింధ్‌లోని షికార్‌పూర్. తను ఇక్కడి బ్యారక్‌లోనే పుట్టాడు. ఆవిడను "బేటీ" అని పిలిచి కుర్చీ వేయించాడు, చాయ్ చెప్పాడు. తన తల్లి ఇక్కడికి వచ్చిన రోజున వాకిట్లో ఎవరో వేసి పోయిన పూలమొక్కలు పూసి ఉన్నాయని, అవి ఎండకుండా నీళ్లు పోసిందని చెప్పాడు. నేను తెలుగు మనిషిని, వాళ్ల హిందీ ఇంగ్లీషుల మధ్య మాటలు అందించడం నా పనైంది. మీ అమ్మగారికి షికార్‌పూర్ వెళ్లే వీలు కలిగిందా అని ఆవిడ అడిగారు. లేదన్నాడు. మా అమ్మమ్మకూ లేదు అన్నారావిడ. ఇద్దరూ కాసేపు ఊళ్ల సంగతే మాట్లాడుకున్నారు: ల్వూవ్‌లో చలి, షికార్‌పూర్‌లో పందిరి వేసిన బజారు. ఇద్దరూ చూడని ఊళ్లు.

2019 సెప్టెంబరులో, యుద్ధం మొదలై 80 ఏళ్లయిన సందర్భంగా, అప్పటి పిల్లలు కొందరు పోలండ్ ప్రతినిధులతో కలిసి ఇక్కడికి వచ్చారు. వాళ్లంతా ఎనభైలు, తొంభైల్లో ఉన్నవాళ్లు. ప్రవాసంలో ఉన్న ఆ పిల్లలు లండన్‌లో సంఘం పెట్టుకుని, పత్రాలూ జ్ఞాపకాలూ ఏరి, తమ చరిత్రను తామే పెద్ద పుస్తకంగా వేసుకున్నారు. అదే బ్యారక్‌లలో తర్వాత బతికిన సింధీల జ్ఞాపకాలను కూడా దాని పక్కన చేర్చి రాయాలని నా గట్టి కోరిక. ఒకే వసారా మీద రెండు దేశాల విభజన గడిచింది. సగం రాస్తే సరిపోదు.

ఆ మాటే పెద్దాయనతో అన్నాను. ఆయన ఆవిడ పటాన్ని ఎదురుగా జెరాక్స్ తీయించి, కళ్లజోడు పెట్టుకుని, తాము ఉన్న గది దగ్గర ఎర్రపెన్నుతో గుర్తు పెట్టాడు. పక్క దుకాణం ఆయన వచ్చి, బావి అక్కడ కాదు, ఇటు అన్నాడు. మూడో ఆయన వచ్చి, మీ ఇద్దరికీ తెలియదు, బావి బడి వెనకాల అన్నాడు. చాయ్ తెచ్చిన కుర్రాడు గ్లాసులు పట్టుకుని నిలబడిపోయాడు. వాదన తేలకపోయేసరికి పెద్దాయన ఫోన్ తీసి, ఉల్హాస్‌నగర్‌లో కాపురముంటున్న అక్కకు కలిపి, స్పీకర్ పెట్టి, బావి ఎక్కడుండేదో చెప్పమని గట్టిగా అడగడం మొదలుపెట్టాడు.