పోతున్నరట!

తెలుగులో ‘అట’ అని రెండక్షరాల మాట ఉంది. మరాఠీలో ఇట్లాంటి చోట ‘మ్హణే’ అంటారు. మా సోలాపూర్‌లో రెండూ వినబడతాయి. ‘కంపెనీ మూసేస్తున్నడు’ అని ఎవరైనా చెబితే ఆ మాటకు ఆయన పూచీ పడాలి. ‘మూసేస్తున్నడట’ అంటే మాత్రం ఎవరూ పూచీ పడనక్కర్లేదు. ఈ ఏడాది ఈ రెండక్షరాల గురించి నేను చాలా ఆలోచించాను. దానికి ఒక కారణం జర్మనీ బొమ్మ రైలు, ఇంకొకటి మా నాయిన పని.

ముందు రైలు సంగతి చెప్తాను. మా మామ మోటార్లకు వైండింగ్ చేస్తాడు. టవళ్ల వ్యాపారం చేసే ఒక సేటు చాలా ఏళ్ల కింద ఎగ్జిబిషన్ కోసం ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లి, కొడుకు కోసం ఒక రైలు పెట్టె తెచ్చాడు. ఆ అబ్బాయి పెద్దవాడై కాలేజీకి పోయాక పెట్టె అటకెక్కింది. ఇంజను నడవడం లేదని మామ దగ్గరికి తెచ్చి, “బాగైతే నువ్వే ఉంచుకో” అన్నారు. దాని మీద మార్క్లిన్ అని రాసి ఉంది.

పోయిన ఏడాది మా బడివాళ్లు పుణేలో జోషీ గారి చిన్న రైళ్ల మ్యూజియం చూపించారు. అందుకే నాకు ఈ ఇంజను మీద ఆశ పుట్టింది. ఇది నిజం ఇంజనులో 87వ వంతు ఉంటుంది. జర్మనీలో పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే దాదాపు 16.5 వస్తుంది. స్కేలు పెట్టి కొలిస్తే సరిగ్గా అంతే ఉంది. మన పెద్ద లైను 1676 మిల్లీమీటర్లు కాబట్టి, మన రైలును ఇదే లెక్కన చేస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది.

మామ ఇంజను విప్పి, ఎండిపోయిన నూనె తుడిచి, మోటారు తిరిగేటట్లు చేశాడు. కానీ పట్టా మీద పెడితే చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి. చక్రాలకు పట్టు కోసం వేసే సన్నని రబ్బరు రింగులు అరిగిపోయాయి. మామ పుణేలో ఒక దుకాణానికి ఫోన్ చేస్తే, “ఆ కంపెనీ ఎప్పుడో మునిగిపోయిందట, సామాను దొరకదు” అన్నారు.

ఈ మాట మార్క్లిన్ ఇంజను ఉన్నవాళ్లకు మరీ కష్టం. మామూలుగా బొమ్మ రైళ్లలో రెండు పట్టాల్లో ఒకదాని నుంచి కరెంటు వచ్చి, రెండోదాని నుంచి తిరిగి పోతుంది. మార్క్లిన్‌లో రెండు పట్టాలూ కలిసి ఒక తీగ లెక్క. రెండో తీగ పట్టాల నడుమ చిన్న చిన్న మొలల్లాగా ఉంటుంది. ఇంజను కింద ఒక రేకు ఆ మొలల మీద జారుతూ కరెంటు తీసుకుంటుంది. అందుకని ఈ ఇంజను వేరే కంపెనీల రెండు పట్టాల దారి మీద నడవదు. కంపెనీ పోతే పట్టాలు, రింగులు, రేకులు అన్నీ పోయినట్టే.

నాకు ఆ ‘అట’ మీద నమ్మకం కుదరలేదు. మా సైన్స్ సార్ సాయంతో బడి కంప్యూటర్‌లో చూశాను. మార్క్లిన్ 1859లో జర్మనీలోని గోపింగెన్ అనే ఊళ్లో మొదలైంది. మొదట రేకుతో బొమ్మరిల్లు వంటసామాన్లు చేసేవారు. 1891లో లైప్‌జిగ్ సంతలో కీ ఇస్తే నడిచే రైలును పట్టాలతో సహా చూపించారు. 2006లో యజమాని కుటుంబాలు కంపెనీని అమ్మేశాయి. 2009 ఫిబ్రవరిలో, సరిగ్గా 150 ఏళ్లు నిండే సంవత్సరంలో, అప్పు విషయం బ్యాంకులతో కుదరక కంపెనీ దివాలా దరఖాస్తు పెట్టింది.

అంటే ఆ దుకాణాయన మాట గాలిలోంచి పుట్టలేదు. అయితే కథ అక్కడ ఆగలేదు. కోర్టు పెట్టిన అధికారి చేతుల్లో కంపెనీ నడుస్తూనే ఉంది. 2013లో ఫ్యూర్త్ ఊరికి చెందిన సింబా డిక్కీ అనే బొమ్మల కంపెనీ యజమానులు దాన్ని కొన్నారు. ఇప్పటికీ రైళ్లు చేస్తున్నారు. నేను పుట్టకముందు మొదలైన ‘అట’ మాత్రం ఇంకా పుణే దాకా తిరుగుతూనే ఉంది. కంపెనీ మునిగిందన్న వార్త అందరికీ చేరింది, తేలిందన్న వార్త కొందరికే చేరింది.

ఇట్లాంటివి ఇంకా రెండు దొరికాయి. ఇంగ్లండులో హార్న్‌బీ డబ్లో రైళ్లు 1938లో మొదలయ్యాయి. 1964లో వాళ్ల కంపెనీ వేరేవాళ్ల చేతికి పోయింది. డబ్లో పేరు ఆగిపోయింది కానీ, ఆ ఇంజన్ల అచ్చులు రెన్ అనే కంపెనీకి చేరి, అవే ఇంజన్లు కొత్త పేరుతో మళ్లీ వచ్చాయి. అమెరికాలో మైక్ వుల్ఫ్ అనే ఆయన 1980లో ఎం.టి.హెచ్. కంపెనీ పెట్టాడు. తాను రిటైరవుతున్నానని, 2021లో కంపెనీ పని ఆపేస్తుందని 2020లోనే చెప్పేశాడు. కొన్ని అచ్చులను వేరే కంపెనీలు కొన్నాయి. తర్వాత అక్కడి ఉద్యోగులే కొందరు అదే పేరుతో చిన్నగా పని కొనసాగించారు.

ఈ సంగతులు మామకు చెప్తే శ్రద్ధగా విన్నాడు. ఇంజను చేయాలంటే కరిగించిన లోహాన్ని ఉక్కు అచ్చులో పోయాలి. అచ్చు చేయడానికే ఎక్కువ ఖర్చు, ఎక్కువ కాలం. “అయితే కంపెనీ పోయిందా లేదా అని అడగొద్దు. అచ్చులు ఏడికి పోయినయి, అది అడగాలె” అన్నాడు మామ.

ఇప్పుడు మా ఇంటి సంగతి. నాయిన పనిచేసే కార్ఖానాలో 24 సాంచెలు ఉండేవి, అన్నీ టవళ్లు నేసేవే. దీపావళి తర్వాత ‘సేటు సాంచెలన్నీ భంగారుకు అమ్మేస్తున్నడట’ అని మా వాడలో మాట లేచింది. ఎవరు మొదట అన్నారో తెలియదు. వారం తిరగకముందే కిరాణా దుకాణంలో మాకు ఉధారు ఆపేశారు. కార్ఖానాలో ఇద్దరు పని మానేసి వేరేచోట చేరారు. వాళ్లు నడిపే సాంచెలు ఆగిపోయాయి. ఆగిన సాంచెలను చూసి, “చూసిన్రా, అప్పుడే బంద్ పెడుతున్నడు” అన్నారు జనం. పుకారుకు సాక్ష్యాన్ని పుకారే తయారు చేసుకుంది.

రైళ్లు కొనేవాళ్లకూ ఇదే జరుగుతుందని నాకు అనిపించింది. కంపెనీ పోతుందట అని వినగానే కొందరు కొనడం మానేస్తారు. దుకాణాలు సరుకు తెప్పించవు. అమ్మకాలు తగ్గుతాయి. నిలబడగల కంపెనీ కూడా దానితో కుంటుపడుతుంది.

మా అమ్మ బీడీలు చుడుతుంది. ఆ రోజుల్లో చేటలో ఆకు పెట్టుకుని రాత్రి చాలాసేపు కూర్చునేది. నేను పదో తరగతి. పది తర్వాత నన్ను కాలేజీలో చేర్పించాలా, కుట్టుపనికి పంపాలా అని అమ్మా నాయినా మెల్లగా మాట్లాడుకోవడం నాకు వినబడింది.

ఒక ఆదివారం మామ మా ఇంటికి వచ్చి నాయినను అడిగాడు.

“బావా, సేటు ఈమధ్య సామాను కొంటుండా, అమ్ముతుండా?”

నాయిన ఆలోచించి, “పోయిన వారం డజను పికర్లు, నాడెలు కొత్తవి తెచ్చిండు” అన్నాడు.

“అమ్మేటోడు పికర్లు ఎందుకు కొంటడు?”

అమ్మ చేట పక్కకు పెట్టింది. “అట, అట అని ఎన్ని రోజులు? పోయి ఆయిననే అడుగరాదు?”

పగారు రోజు నాయిన ఇంకో ముగ్గురితో కలిసి సేటును అడిగాడు. ఎనిమిది సాంచెలు బాగా పాతబడ్డాయి, వాటిని అమ్ముతాను, పదహారు నడుపుతాను అని సేటు చెప్పాడు. ఒక ఏడాదికి మాట ఇవ్వగలను, తర్వాత ఏమైనా ఉంటే ముందు మీకే చెప్తాను అన్నాడు. తర్వాతి వారం ఎనిమిది సాంచెలు టెంపోలో పోయాయి. అంటే పుకారులో మూడో వంతు నిజం. పని మానేసి పోయిన ఇద్దరిలో ఒకాయన తిరిగి వస్తానన్నాడు. కానీ పదహారు సాంచెలకు ఉన్న మనుషులే సరిపోయారు. పుకారు నమ్మిన నష్టం ఆయనకు మిగిలింది.

నాకు ఎం.టి.హెచ్. ఆయన చేసిన పని నచ్చింది. పోవడం తప్పు కాదు. వయసు అవుతుంది, గిరాకీ తగ్గుతుంది, ఎవరైనా పని ఆపవచ్చు. కానీ తన మీద ఆధారపడినవాళ్లకు ముందే సూటిగా చెప్పాలి. చెబితే పనివాళ్లు ఇంకో పని వెతుక్కుంటారు, కొన్నవాళ్లు కావలసిన సామాను తెచ్చిపెట్టుకుంటారు, అచ్చులు మంచి చేతుల్లో పడతాయి. చెప్పాల్సినవాళ్లు చెప్పకపోతే ఆ ఖాళీలోకి ‘అట’ వచ్చి కూర్చుంటుంది. మన వంతు పని కూడా ఉంది. విన్నదాన్ని ఇంకొకరికి చెప్పకముందు, తెలిసినవాళ్లను ఒక్కసారి అడగాలి.

జనవరిలో ఆ టవళ్ల సేటు చుట్టం ఒకాయన మళ్లీ ఫ్రాంక్‌ఫర్ట్ పోయి వస్తూ రబ్బరు రింగుల చిన్న ప్యాకెట్ తెచ్చాడు. మునిగిపోయిందన్న కంపెనీ పేరే దాని మీద ఉంది. ఇంజను ఇప్పుడు మామ దుకాణంలో బల్ల మీద నాలుగు డబ్బాలు లాగుతుంది.

నాయిన పదహారు సాంచెల దగ్గరే పని చేస్తున్నాడు. నేను కాలేజీలో చేరతానని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. సేటు ఇచ్చిన మాట ఒక్క ఏడాదికే అని మాకు తెలుసు. వచ్చే దీపావళికి ముందే వెళ్లి మళ్లీ అడుగుతానని నాయిన చెప్పాడు. ఈసారి ‘అట’ వినేదాకా మేము ఆగము.