ఆడింది నా చెయ్యి కాదు

మా తాత బతుకంతా తోలుకు బెజ్జాలు పొడిచాడు. నేను ఇనుముకు బెజ్జాలు వేస్తున్నాను. మధ్యలో మా నాయన గుంటూరు యార్డులో మిరప టిక్కీలు మోశాడు. తోలు దగ్గర్నుంచి ఇనుము దగ్గరికి రావటానికి మాకు ఎంత దూరమైందో చెప్పాలంటే ఒక పాత డ్రిల్లింగు మిషను సంగతి చెప్పాలి.

మాది పెదకూరపాడు. 2022 నుంచి పల్నాడు జిల్లా అంటున్నారు గానీ నేను చెప్పేది గుంటూరు జిల్లాలో ఉన్నప్పటి మాట. మాదిగపల్లెలో మా ఇల్లు. తాత పనిముట్లు మూడే. ఆరె, రంపె, గూటం. కపిల బావులున్న రోజుల్లో రైతుల తోలు బానలు ఆయనే కుట్టేవాడు. ఆ బానలో తోడిన నీళ్లు చేలన్నిటికీ పారేయి. ఆయన మాత్రం ఆ బావి గట్టెక్కగూడదు. కళ్లంలో మేర కొలిచేవాళ్లు. ఎంత కొలవాలో వాళ్లిష్టం. కొంగు పట్టటమే మా పని. నూనె ఇంజన్లొచ్చాయి, కరెంటు మోటార్లొచ్చాయి, కపిల పోయింది. ప్లాస్టిక్ చెప్పులొచ్చాయి, కుట్టుపని పోయింది. మేర పోయింది. కులం పేరు మాత్రం ఎక్కడికీ పోలేదు.

నేను పదో తరగతి పాసై ఐటీఐలో ఫిట్టరు ట్రేడు చదివాను. రెండేళ్లు ఆకురాయి పట్టి పట్టి చేతులు కాయలు కాశాయి. సర్టిఫికెట్టు తీసుకొని ఒక వర్క్‌షాపులో చేరాను. ఓనరు పేరు చెప్పను. అట్లాంటోడు ఒక్కడే అయితే చెప్పేవాణ్ణి. లేతు మిషను దగ్గరికి నన్ను రానిచ్చేవాడు కాదు. షాపు ఊడవటం, ఇనపరజను ఎత్తిపొయ్యటం, డ్రిల్లింగు మిషను మీద బెజ్జాలు వెయ్యటం. మంచినీళ్ల కుండ దగ్గర నా గ్లాసు వేరే. అంటరానితనం పాటిస్తే నేరమని 1955లోనే చట్టం చేశారు. ఆ చట్టం మా షాపు కుండ దాకా రాలేదు.

2003లో ఆ డ్రిల్లింగు మిషను చెడింది. చక్కు ఆడుతోంది, బెజ్జం కుదురుగా పడటం లేదు. పాత ఇనుము కింద తోసేస్తానన్నాడు ఓనరు. రెండు వేలకు నేనే అడిగాను. మా ఇంటిది పొదుపు సంఘంలో అప్పు తీసి ఇచ్చింది. ఆటోలో వేసుకొచ్చి వసారాలో తుమ్మచెక్క బల్ల మీద నిలబెట్టాం. పల్లె పిల్లలందరూ వచ్చి చూశారు. మా ఇంట్లోకి వచ్చిన మొదటి మిషను అది.

నాలుగో రోజు ఊళ్లోంచి ఒక రైతు ట్రాక్టరు గొర్రుకు పట్టీలు తెచ్చాడు. పన్నెండు మిల్లీమీటర్ల బెజ్జాలు, ఇరవైనాలుగు. మూడు వేశాను. మూడూ కోడిగుడ్డు ఆకారంలో పడ్డాయి. బోల్టు వేస్తే లొటలొట. ఆయన పట్టీ పైకెత్తి వెలుతురులో చూశాడు.

"చెప్పులు కుట్టే చేతులకు ఇనుము లొంగుద్దంట్రా?" అన్నాడు.

పట్టీలు ఏరుకొని వెళ్లిపోయాడు. మా అమ్మ దొడ్లో అంట్లు తోముతోంది. ఆమెకు వినపడింది. తోమటం ఆపింది, మళ్లీ మొదలుపెట్టింది. ఏమీ అనలేదు.

సంఘానికి వాయిదా కట్టాలి. ఆ రాత్రి నిద్రపట్టలేదు. సిగ్గుపడే సంగతొకటి చెబుతాను. ముందు నేను అనుమానించింది మిషన్ని కాదు, నన్ను. ఆయనన్న మాట నిజమేనేమో అనుకున్నాను. లేచి లైటు వేసుకొని బిట్టు మళ్లీ సానపట్టాను. రెండు అంచులూ సమానంగా ఉండాలి, మధ్య కోణం 118 డిగ్రీలు. ఒక అంచు పొడవైనా బెజ్జం పెద్దదవుతుంది. ఐటీఐలో నేర్పిందే. గేజీ పెట్టి రెండుసార్లు చూసుకున్నాను. తప్పులేదు. తెల్లారి పాత పట్టీ మీద వేసి చూశాను. మళ్లీ కోడిగుడ్డే. అంటే ఆడింది నా చెయ్యి కాదు. ఆ ఒక్కమాట అనుకోటానికి నాకు ఒక రాత్రి పట్టింది.

మరి ఆడుతోంది ఏది? డయల్ గేజీ ఉంటే చిటికెలో తేలుతుంది. అది కొనే డబ్బు లేదు. ముందు ప్లగ్గు పీకేశాను. నున్నటి తిన్నని కడ్డీ ఒకటి చక్కులో బిగించాను. సైకిలు పుల్ల మొన తేల్చి, చెక్కముక్కకు కట్టి, కడ్డీకి ఆనీ ఆననట్టు బల్ల మీద పెట్టాను. చక్కును చేత్తో మెల్లగా తిప్పాను. ఒకపక్క మొన తగులుతోంది, ఇంకోపక్క హాక్సా బ్లేడు దూరేంత సందు. తర్వాత తిప్పటం ఆపి కడ్డీని పక్కకు నెట్టాను. అప్పుడూ ఊగింది. తిప్పితే ఆడటం వేరు, నెడితే ఆడటం వేరు. మొదటిది తిరిగేదాంట్లో లోపం. రెండోది దాన్ని పట్టుకున్నదాంట్లో లోపం. నా మిషనుకు రెండూ ఉన్నాయి.

చక్కు ఊడగొట్టాను. లోపలి ఏటవాలు మొన మీద ఎండిన గ్రీజు, అందులో ఇనపరజను. ఏళ్ల తరబడి ఎవరూ తుడవలేదు. కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, చక్కు పళ్లు పూర్తిగా లోపలికి పోనిచ్చి తాత గూటంతో ఒక్క దెబ్బ వేశాను. తిప్పితే ఆడేది సగానికి పైగా పోయింది.

స్పిండిలు విప్పి బేరింగులు వేళ్లతో తిప్పితే ఇసకలో తిరిగినట్టు గరగరమన్నాయి. నంబరు 6203. లోపలి బెజ్జం 17 మిల్లీమీటర్లు, బయట 40. పొద్దున్నే రైలెక్కి గుంటూరు పోయి రెండు తెచ్చాను. స్పిండిలుకు ఎక్కించేటప్పుడు బయటి రింగు మీద కొడితే కొత్త బేరింగు అక్కడికక్కడే పాడవుతుంది. లోపలి రింగుకు ఆనే గొట్టంముక్క పెట్టి కొట్టాలి. అట్లాగే కొట్టాను.

ఇంకా నెడితే ఊగుతూనే ఉంది. స్పిండిలును కడుపులో పెట్టుకొని కిందికీ పైకీ దిగే గొట్టం ఉంటుంది, క్విల్లు అంటారు. అది దిగే దారి అరిగి వదులైంది. ఆ పోతపు తలకాయ కొత్తది కొనాలంటే ఇంకో మిషను కొన్నట్టే. తలపట్టుకొని కూర్చుంటే అమ్మ వచ్చింది.

"మీ తాత ఆరె పిడి వదులైతే కొత్త ఆరె కొనేవాడా? సన్నటి తోలు పీలిక చుట్టి బిర్రుగా దిగ్గొట్టేవాడు. వదులు ఎక్కడుందో అక్కడ నింపాలిరా," అంది.

ఎప్పుడూ కదిలే గొట్టానికి తోలు నిలవదు. కానీ దారి దొరికింది. కరెంటు పనిచేసే మా పల్లె పిల్లాడి దగ్గర హ్యాండ్ డ్రిల్లు తెచ్చాను. క్విల్లు తీసి పక్కన పెట్టి, దాని పళ్ల వైపు తప్పించి, పోత గోడకు ఒకదాని కింద ఒకటి 6.8 మిల్లీమీటర్ల బెజ్జాలు రెండు వేసి ఎనిమిది మిల్లీమీటర్ల మర తీశాను. క్విల్లు మళ్లీ ఎక్కించి, ఒక్కోదాంట్లో ఇత్తడి ముక్క వేసి వెనక గ్రబ్ స్క్రూ బిగించాను. ఇత్తడి మెత్తన, గొట్టాన్ని గీరదు. హ్యాండిలు కాస్త బిగువు తగిలేదాకా తిప్పి పైన నట్టు వేశాను.

మళ్లీ సైకిలు పుల్ల పెట్టి చూశాను. హాక్సా బ్లేడు దూరిన చోట నోటుబుక్కు కాయితం బిర్రుగా పోతోంది. కొత్త మిషను కాలేదు. నా పనికి చాలు. బేరింగులకు 220, స్క్రూలు, ఇత్తడికి 20, రైలు ఛార్జీ, టీ కలిపి 60. మొత్తం మూడొందలు.

ఆ రైతు ఇంటికి నేను పోలేదు. పాత పట్టీ తీసుకొని ఇరవైనాలుగు బెజ్జాలు వేశాను. ముందు పంచి గుర్తు, తర్వాత సన్న బెజ్జం, ఆ తర్వాత పన్నెండు. మెత్తటి ఇనుముకు బిట్టు అంచు నిమిషానికి పాతిక మీటర్లు నడవచ్చు. ఆ లెక్కన పన్నెండు బిట్టుకు 660 చుట్లు. షాపులో అన్నిటికీ ఒకటే పరుగు. నేను బెల్టు మార్చి దానికి దగ్గర్లో తక్కువ వేగం పెట్టాను. ఇరవైనాలుగూ చంద్రుడల్లే గుండ్రంగా వచ్చాయి. పట్టీని బజారుకు కనపడేట్టు వసారా గుంజకు వేలాడదీశాను.

నెలకో ఏమో ఆయనే వచ్చాడు. గుంజ దగ్గర ఆగి ఒక బెజ్జంలో వేలు పెట్టి చూశాడు.

"ఏమబ్బాయా, పట్టీలున్నయి, వేస్తావా?" అన్నాడు.

"వేస్తానండీ. బెజ్జానికి ఇంతని రేటు. సగం ముందివ్వాలి," అన్నాను.

ఆయన అన్నమాట వెనక్కి తీసుకోలేదు. నేను అడగలేదు. డబ్బులిచ్చాడు. మా ఇంట్లో పనికి రేటు మేమే చెప్పింది అదే మొదటిసారి.

చదువుకునే పిల్లలు ఇది చదువుతారని ఈ మాట రాస్తున్నాను. మెరిట్ లేదని మిమ్మల్ని ఎవరైనా అంటే, బిట్టు చూసుకోండి, సానపట్టుకోండి, వద్దనను. కానీ రాత్రంతా దాన్నే రుద్దుతూ కూర్చోబాకండి. మిమ్మల్ని పట్టుకున్న గొట్టాన్ని ఒకసారి నెట్టి చూడండి. లోపం అక్కడుంటే మీరెంత పదునున్నా బెజ్జం వంకరే పడుద్ది. అప్పుడు సరిచెయ్యాల్సింది మిమ్మల్ని కాదు.

మిషను ఇంకా తిరుగుతోంది. బేరింగులు మళ్లీ రెండుసార్లు మార్చాను. దాని పక్కన మేకుకు తాత ఆరె వేలాడదీశాను. తోలు పీలిక చుట్టిన ఆ పిడి ఇప్పటికీ ఆడదు.