నాన్న రివాల్వర్ ఎవరి పేరు మీద?

వ్యాపారం తగ్గించుకున్నాక మా నాన్న రివాల్వర్ ఇల్లు దాటిందంటే ఎన్నికలొచ్చాయని లెక్క. కోడ్ అమల్లోకి రాగానే స్టేషన్ నుంచి ఫోన్ వచ్చేది. నాన్న దాన్ని తోలు హోల్‌స్టర్‌లో పెట్టి నడుముకి కట్టుకుని, పైన చొక్కా వదిలేసి, లైసెన్స్ పుస్తకం తీసుకుని వెళ్ళి జమచేసి రసీదు తెచ్చుకునేవాడు. చివరిసారి అలా వెళ్ళింది 2024 మే 13 పోలింగ్‌కి ముందు.

సీమ, రివాల్వర్ అనే రెండు మాటలు ఒకే వాక్యంలో వస్తే హైదరాబాద్‌లో మా ఆఫీసువాళ్ళకి సినిమాలే గుర్తొస్తాయి. మాది ఫ్యాక్షన్ కాదు, ప్రొద్దుటూరులో బంగారు కొట్టు. నగలు, నగదు పెట్టుకుని రాత్రి బస్సుల్లో కర్నూలుకో విజయవాడకో తిరిగే రోజుల్లో కలెక్టర్ ఆఫీసు చుట్టూ తిరిగి తీసుకున్న లైసెన్స్ అది. కాన్‌పూర్‌లో తయారైన .32 రివాల్వర్, ఆరు తూటాలు పడతాయి. మధ్యలో విరిచి తెరిస్తే ఆరు గొట్టాలూ ఒకేసారి పైకి లేస్తాయి. నెలకోసారి నూనె గుడ్డతో తుడిచేవాడు. హోల్‌స్టర్‌లో ఉంచి బీరువాలో పెట్టేవాడు కాదు, తోలు చెమ్మ పట్టి ఇనుము తుప్పు పడుతుందని. మనిషి మీదికి దాన్ని ఎత్తినట్టు మాత్రం నాకు తెలియదు.

ఆ ఏడాది చివర్లోనే నాన్న పోయాడు. లైసెన్స్ మనిషిది, ఇంటిది కాదు. ఆయన పోవడంతోనే ఆ వస్తువు మా ఇంట్లో ఉండే హక్కు పోయింది. ఆయుధ చట్టం 21వ సెక్షన్ ప్రకారం స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో జమచేయాలి. కర్మకాండలు అయీ కాకముందే కడపలో ఒక డీలర్ దగ్గర పెట్టి వచ్చాం. గడువులోపు వారసులు లైసెన్స్ తెచ్చుకుంటే తిరిగిస్తారు, లేదా అర్హత ఉన్నవాళ్ళకి అమ్ముకోవచ్చు. రెండూ చేయకపోతే ప్రభుత్వపరం అవుతుంది.

అమ్మేద్దాం అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "అది ఇంట్లో ఉంటే మీ నాయన ఉన్నట్టే ఉంటాది నాకు" అంది.

తమ్ముడు డల్లాస్ నుంచి అమ్మకే వంత పాడాడు. "ఒక్కతే ఉంటుంది కదక్కా, ధైర్యంగా ఉంటుంది. నీ పేరు మీద రాయించి అమ్మ దగ్గర పెట్టు." అక్కడే చిక్కంతా. నా పేరు మీద లైసెన్స్ వస్తే రివాల్వర్ నా దగ్గర ఉండాలి. నేను హైదరాబాద్‌లో ఉండి, అది ప్రొద్దుటూరు బీరువాలో ఉంటే, 63 ఏళ్ళ మా అమ్మ లైసెన్స్ లేని ఆయుధం దగ్గర పెట్టుకున్న ముద్దాయి అవుతుంది.

తమాషా ఏంటంటే, ఈ సలహా ఇచ్చినవాడికే ఆ భాగ్యం లేదు. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, చట్టం అడ్డుకోని మనిషి 21 ఏళ్ళు నిండితే లైసెన్స్ లేకుండానే పిస్టల్ వెంట తీసుకెళ్ళొచ్చు. కానీ హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ, తూటా ఏదీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, మావాడికి చీమని చంపే ఓపిక కూడా లేదు. వాడి స్నేహితుడు గ్రీన్ కార్డ్ రాగానే కొన్నాడు. ఇప్పుడు గ్యారేజీలో సొంతంగా తూటాలు కూడా చేసుకుంటాడట. కాల్చేసిన ఇత్తడి గొట్టాన్ని అచ్చులో నొక్కి మళ్ళీ సైజుకి తెచ్చి, కొత్త ప్రైమర్ కూర్చి, మందు గ్రెయిన్లలో తూచి పోసి, పైన గుండు బిగిస్తాడు. పొరపాటున మందు రెండుసార్లు పడితే తుపాకీ చేతిలోనే పేలిపోవచ్చు. మన దగ్గర లైసెన్స్ లేకుండా ఇంట్లో తూటాలు చేస్తే జైలే.

నేను అమ్మకి చెప్పాలనుకున్నది వేరే. లైసెన్స్ ఇచ్చే చట్టం ఒకటి, కాల్చొచ్చా లేదా అని తేల్చే చట్టం ఇంకొకటి. రెండోది ఐపీసీలో 96 నుంచి 106 దాకా ఉండేది, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉంది. ప్రాణం పోతుందనో, తీవ్రంగా గాయపడతామనో సహేతుకమైన భయం ఉంటే ఎదుటివాడి ప్రాణం తీసైనా కాపాడుకోవచ్చు. దోపిడీ, సూర్యాస్తమయం తర్వాత తెల్లవారేలోపు తలుపు పగలగొట్టి ఇంట్లోకి చొరబడటం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కానీ అవసరానికి మించి హాని చేయకూడదు, పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉంటే ఆ హక్కే లేదు. సంచీ తీసుకుని పారిపోతున్న దొంగని వెనకనుంచి కాల్చి చంపితే చెల్లదు. అర్ధరాత్రి చీకట్లో, కళ్ళజోడు లేకుండా, ఇన్ని తేడాలు ఎవరు చూడగలరు? బెదిరిపోయిన మనిషి బంగారు త్రాసులో తూచినట్టు తూచలేడని కోర్టులకీ తెలుసు, 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ దృష్టితోనే చూసింది. అయినా ఆత్మరక్షణకే కాల్చానని కనీసం నమ్మదగినట్టు చూపించాల్సింది కాల్చినవాళ్ళే.

ఇదంతా అమ్మకి చెప్పాను. చెప్పనిది ఒకటుంది. నాన్న పోయిన మూడు నెలల దాకా ఆవిడ సరిగా అన్నం తినలేదు. రాత్రి రెండుకి ఫోన్ చేసి "ఏం లేదులే" అని పెట్టేసేది. ఆ ఇల్లు, ఆ నిద్రలేమి, ఆ ఆరు తూటాలు ఒకచోట ఉండటం నాకిష్టం లేదు. తమ్ముడితో అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు వాడు.

"అయితే నేనే పెట్టుకుంటా దరఖాస్తు" అంది అమ్మ. 2016 నియమాల ప్రకారం వారసురాలిగా అడగొచ్చు. వైద్యుడి సర్టిఫికెట్, ఇంట్లో భద్రంగా దాస్తానని హామీ, శిక్షణ సర్టిఫికెట్ కావాలి. ఇవన్నీ చూసి వెనక్కి తగ్గుతుందనుకున్నాను. శిక్షణకి వెళ్ళింది. చెవులకి కప్పుకునేవి పెట్టుకుని, చీర కొంగు నడుముకి దోపుకుని నిలబడిన ఫొటో పంపింది. మనుషుల్లో పడి ఆ వారమంతా కడుపునిండా తిన్నదని పక్కింటి పిన్ని చెప్పింది. వైద్యుడి దగ్గరికి మాత్రం నేనే తీసుకెళ్ళాను. నిద్ర సంగతి నేనే చెప్పాను, అమ్మ నావైపు చూసింది కానీ కాదనలేదు.

పోయిన నెల విచారణకి కానిస్టేబుల్ ఇంటికొచ్చాడట. ఎవరివల్ల ప్రాణభయం ఉంది అని అడిగాడట.

"భయమేం లేదు నాయనా. ఆయన వస్తువు, నా దగ్గర ఉంటే బాగుంటాది" అందట అమ్మ.

"అట్ల రాస్తే ఎట్లమ్మా" అని పెన్ను పట్టుకుని కాసేపు కూర్చుని, కాఫీ తాగి వెళ్ళాడట. ఏం రాసుకున్నాడో అమ్మ అడగలేదు. ఫైలు ఇంకా కలెక్టరేట్‌లోనే ఉంది. డీలర్ ఈ నెల అద్దె అడిగితే పంపాను.