ఇంటిపేరు లేని మామ్మ



యానాంలో ఫ్రెంచివాళ్లు ఉన్న కాలం నుంచీ మేము క్రైస్తవులమని మా ఇంటి పెద్దలు చెప్పుకునేవారు. మొదట నమ్ముకున్నది ఎవరని అడిగితే మాత్రం మాట మార్చేసేవారు. ఈ యేడు పిల్లల సాయంతో మేమే వెతికాం.

1839 ఉప్పెన చూసిన ఈ తీరంలో పాత కాగితం మిగలడం కష్టం. అయితే 1776లో ఫ్రెంచి రాజు ఒక ఆజ్ఞ ఇచ్చాడు: వలస ఊళ్లలో రాసే బాప్తిస్మం, పెళ్లి, సమాధి పుస్తకాలకు ఒక నకలు ఫ్రాన్సుకు పంపాలి. అలా వెళ్లినవి ఎక్సాన్ ప్రోవాన్స్ పట్నంలోని ప్రభుత్వ భాండాగారంలో ఉన్నాయి. ఇప్పుడు ఇంట్లో కూర్చునే చూడొచ్చు. చదవడమే గగనం. మన పేర్లను ఫాదర్లు తమ చెవికి వినబడినట్టు రాసుకున్నారు, ఒకే మనిషి మూడు చోట్ల మూడు రకాలుగా కనబడుతుంది. అందుకని పేరు వదిలేసి జ్ఞానతల్లిదండ్రులను, పెళ్లి సాక్షులను పట్టుకుని ఒక్కో తరం వెనక్కి వెళ్లాం.

చివరికి 1787లో నాలుగు వరసలు దొరికాయి. సుమారు ఎనిమిదేళ్ల ఆడపిల్ల. తల్లిదండ్రులు తెలియదు. ఒక వర్తకుడి బానిస. పెట్టిన పేరు మరియ. జ్ఞానతల్లికి సంతకం రాదట.

ఆ రోజుల్లో ఈ తీరంలో మనుషులను కొని, ఓడలెక్కించి, ఫ్రెంచివారి దీవులకు పంపేవారు. ఈ పిల్ల ఇక్కడే ఉండిపోయింది కాబట్టి మేమున్నాం.

మా మేనత్తగారికి చెబితే, "ఎక్కడా అనకండిరా, ఇంట్లో పెళ్లి కావలసిన పిల్లలున్నారు," అన్నారు. ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. మన సంఘాల్లో కూడా ముందు అడిగేది ఇంటిపేరే కదా.

ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయం తీసి చూడండి. మనం దాటేసే పేర్ల పట్టిక అది. బబులోను నుంచి తిరిగొచ్చిన వారిలో దేవాలయపు ఊడిగంవారు, సొలొమోను దాసుల సంతతివారు కలిపి 392 మంది, లెక్కతో సహా ఉన్నారు. కొన్ని వచనాల తర్వాత కొందరు యాజకుల వంశంవారు తమ పేర్ల కోసం పుస్తకాలు వెతుక్కున్నారు. దొరకలేదు. వారిని యాజకత్వం నుంచి తప్పించారు. దాసుల లెక్క మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు.

అత్తగారు ఇంకా ఒప్పుకోలేదు. ఇంటి బైబిలు మొదటి పేజీలో మేము మరియ అని రాశాం, ఇంటిపేరు చోటు ఖాళీగా ఉంచి.