గోడే చిత్రశాల

పిల్లలూ! చిత్రశాల అనగానే టిక్కెట్టు, తలుపులు మూసే వేళ గుర్తుకొస్తాయి కదూ? ఒకసారి సీతంపేట కొండలకు రండి. 2022 దాకా అవి శ్రీకాకుళం జిల్లాలోవే. అక్కడి సవరలకు ఇంటి గోడే చిత్రశాల. గోడకు ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండి నీళ్లలో పుల్ల ముంచి మనుషులను, ఏనుగులను, సూర్యచంద్రులను గీస్తారు.

పోయిన పెద్దల కోసమో, పంట బాగుండాలనో, జబ్బు నయం కావాలనో ఇంటివారు గీయించుకుంటారు. గీసేది ఒకరైనా బొమ్మ ఒక్కరిది కాదు. ఒడిశా సవరల ఊళ్లలో పూజారి వచ్చి లోటు చెబితే, అదీ చేర్చేవారని వెరియర్ ఎల్విన్ 1951 నాటి పుస్తకంలో రాశాడు.

ఇప్పుడీ బొమ్మలను కాగితం మీద గీసి అమ్ముతున్నారు. కూడు పెట్టే పని, మంచిదే. కాని ఆ గోడా, ఆ ఇంటివారూ, ఆ పెద్దలూ కాగితంతో పాటు మన ఇంటికి రారు. అందుకే కొనేటప్పుడు ధర అడిగే ముందు, "ఇది ఎవరి కోసం గీసేవారు?" అని అడగండి.